అపాస్ట్రఫీ కోసం వ్యాకరణ పుస్తకం తెరవకండి

“ఫోనే దిద్దిపెడుతుంది కదండీ, నెత్తిన పెట్టే ఆ కామా గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు?” ఇంగ్లీషులో మెయిళ్లు రాయక తప్పని ఉద్యోగాల ఊరు కాబట్టి హైదరాబాద్‌లో ఈ మాట తరచూ వినపడుతుంది. కొట్టిపారేయదగ్గ మాటేం కాదు. “డోన్’ట్” రాసేటప్పుడు గుర్తు మరిచిపోతే ఫోను మనల్ని అడక్కుండానే పెట్టేస్తుంది. గుర్తు లేని రూపానికి ఇంగ్లీషులో వేరే అర్థం లేదు కాబట్టి దానికి అనుమానం రాదు. అలాంటి మాటల విషయంలో మనం కష్టపడి నేర్చుకోవాల్సిందీ ఏమీ లేదు. (ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలోనే, గుర్తు ఎక్కడ పడుతుందో కనిపించేలా రాస్తున్నాను. కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, ఓర్చుకోండి.)

గుర్తు పోయాక మిగిలింది కూడా అసలైన మాటే అయితే చిక్కు. “వి’ఆర్”లో గుర్తు పోతే “వర్”, “వి’ల్”లో పోతే “వెల్”. “షి’డ్” కాస్తా “షెడ్” అయి కూర్చుంటుంది. వీటిని కూడా ఇప్పటి సాఫ్ట్‌వేర్ వాక్యాన్ని బట్టి చాలావరకు పట్టేస్తుంది, ఒప్పుకుంటాను. అది పట్టలేనిది వేరే ఉంది. కూకట్‌పల్లి ఫ్లాటు పంపకం గురించి “మై బ్రదర్’స్ షేర్” అని రాస్తే వాటాదారు ఒక్కడే. “మై బ్రదర్స్’ షేర్” అని రాస్తే ఇద్దరో ముగ్గురో. రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే. పలికితే రెండూ ఒకటే, పైకి చదివి వినిపించినా తేడా బయటపడదు. మీకు ఎందరు అన్నదమ్ములో కీబోర్డుకు ఎలా తెలుస్తుంది? ఏఐకి ఇచ్చి మెయిలంతా తిరగరాయించినా అది ఏదో ఒకటి ఊహించి రాస్తుందే తప్ప ఫోన్ చేసి అడగదు.

ఈ గుర్తు తప్పుగా పెట్టేవాళ్లలో ఎక్కువమందికి నియమం తెలుసు. ఆపి అడిగితే సరిగ్గానే చెబుతారు. వేగంగా టైప్ చేసేటప్పుడు మనసులో ఉండేది ఆ మాట శబ్దం, వేళ్లు దాని వెంటే పోతాయి. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లూ ఇదే తప్పు చేసేది అందుకే. అలాంటప్పుడు నియమాన్ని మళ్లీ చదివితే ఒరిగేదేమీ లేదు. రోజూ కొంత రాయాలి, రాసినదాన్ని వేరే వేళ దిద్దుకోవాలి. ఈ రెండో పని లేకుండా మొదటిది ఎన్నేళ్లు చేసినా అపాస్ట్రఫీ పట్టుబడదని నా వాదన.

యజమానిని పూర్తిగా రాశాక

ముందు నియమం సంగతి తేల్చేద్దాం, అది నిజంగానే చిన్నది. గుర్తు చేసే పనులు రెండు: అక్షరం ఎగిరిపోయిందని చెప్పడం, ఫలానావాళ్లది అని చెప్పడం. చరిత్రలోకి వెళ్తే రెండోది కూడా మొదటిదే. పాత ఇంగ్లీషులో షష్ఠీ విభక్తికి చివర ఉండే “ఇ, ఎస్” అక్షరాల్లోని అచ్చు రాలిపోయింది, ఆ ఖాళీలో ఈ గుర్తు నిలిచింది.

మొదటి పనికి పరీక్ష తేలిక. “ఇట్’స్” అని రాసిన ప్రతిచోటా “ఇట్ ఈజ్” లేదా “ఇట్ హ్యాజ్” అని విప్పి చదవండి. వాక్యం నిలబడితే గుర్తు ఉండాలి, పడిపోతే తీసేయాలి. “ద కంపెనీ చేంజ్డ్ ఇట్స్ పాలసీ”లో విప్పితే “కంపెనీ మార్చింది, అది విధానం” లాంటి కంగాళీ అవుతుంది, కాబట్టి గుర్తు లేదు. ఫలానాదానిది అన్న అర్థం వస్తుంటే గుర్తు ఎందుకు లేదని పిల్లలు అడిగితే వాళ్లను తిట్టకండి. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లీషువాళ్లే అక్కడ గుర్తు పెట్టి రాసేవారు. తరవాతే తీసేశారు. “హిజ్”, “హర్స్”, “అవర్స్”, “దెయిర్స్” మాటల్లో గుర్తు లేనట్టే ఇందులోనూ లేదని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

రెండో పనికి “ఎస్ ముందా, గుర్తు ముందా” అని ఆలోచించడమే తప్పు దారి. ముందు యజమాని పేరు పూర్తిగా రాయండి. ఆగండి. అప్పుడు గుర్తు పెట్టండి. యజమాని “స్టూడెంట్” అయితే దాని తరవాత, “స్టూడెంట్స్” అయితే ఆ ఎస్ కూడా పూర్తయ్యాక. “చిల్డ్రన్” బహువచనమే అయినా చివర ఎస్ లేదు, కాబట్టి గుర్తు పెట్టి ఎస్ చేర్చాలి. కాలానికీ ఇదే లెక్క. అద్దె ఒప్పందాల్లో రెండు నెలల అడ్వాన్సు అని రాయాలంటే “టూ మంత్స్’ రెంట్”, ఒక నెల నోటీసు అయితే “వన్ మంత్’స్ నోటీస్”. ఈ ఊళ్లో కాపీ మీద కాపీ తీసి వాడే అద్దె ఒప్పందాల్లో ఈ గుర్తు ఏదో ఒక చోట పోయే ఉంటుంది. పక్కనే అంకె ఉంటుంది కాబట్టి తగాదా రాదు.

శ్రీనివాస్‌లు, దాస్‌లు, తేజస్‌లు ఉన్న ఊరు కాబట్టి ఇంకో సందేహం తప్పదు. పేరే ఎస్‌తో ముగిస్తే? గుర్తు ఒక్కటే పెట్టి వదిలేసే పద్ధతి ఉంది, గుర్తు తరవాత మరో ఎస్ చేర్చే పద్ధతీ ఉంది. రెండూ చెల్లుతాయి. “శ్రీనివాసెస్” అని పలికేవాళ్లు ఎస్ చేర్చి రాస్తే పలుకుబడికి దగ్గరగా ఉంటుంది. నేనైతే ఎస్ చేర్చే పద్ధతికే ఓటేస్తాను. ఏదైనా సరే, ఒకే ఉత్తరంలో రెండు రకాలుగా రాయకూడదు.

ఇక బహువచనాలు. “టిఫిన్’స్”, “మీల్’స్” అన్న బోర్డులు చూసి మన ఇంగ్లీషు ఇంతే అని నవ్వుకునేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ తప్పుకు ఇంగ్లండులో ఉన్న పేరే “గ్రీన్‌గ్రోసర్స్ అపాస్ట్రఫీ”. అక్కడి కూరగాయల కొట్ల బోర్డుల మీద అంతగా కనపడుతుందది. పీజీలు, ఏటీఎంలు, ఎమ్మెల్యేలు లాంటి పొడి అక్షరాల మాటలకు బహువచనంలో గుర్తు పెట్టే అలవాటు ఒకప్పుడు అచ్చులోనూ ఉండేది. ఇప్పుడు వద్దంటారు. పరీక్షలో వచ్చిన “ఏ” గ్రేడుల్లాంటి ఒంటి అక్షరాలకు మాత్రం పెట్టడమే మేలు, లేకపోతే “యాజ్” అని చదివేస్తారు. గేటు మీద ఇంటిపేరుకూ ఇదే గొడవ. “ది రెడ్డీస్” అంటే రెడ్డిగారి కుటుంబం, గుర్తు అక్కర్లేదు. గుర్తు పెట్టి “రెడ్డి’స్” అని రాస్తే రెడ్డిగారిది అని అర్థం, ఇల్లు అన్న మాట లోపల దాగి ఉన్నట్టు. అదీ తప్పేం కాదు. రెండూ కలిపి “ది రెడ్డి’స్” అని చెక్కించుకుంటేనే ఇబ్బంది.

“లేడీస్ హాస్టల్” బోర్డు మీద గుర్తు ఉండాలా వద్దా అని అమీర్‌పేట గల్లీల్లో ఎవరైనా వాదించుకుంటుంటే మాత్రం నేను పక్కనుంచి వెళ్లిపోతాను.

అసలు తీసి పారేస్తే పోలా?

ఇది నవ్వులాట ప్రశ్న కాదు. బెర్నార్డ్ షా తన నాటకాల్లో “డోన్’ట్” లాంటి మాటలను గుర్తు లేకుండానే అచ్చు వేయించాడు. అమెరికాలో ఊళ్ల పేర్లు ఖాయం చేసే బోర్డు 1890 నుంచీ వాటిలో ఈ గుర్తును ప్రోత్సహించడం లేదు. మార్థాస్ వినియార్డ్ లాంటి నాలుగైదు పేర్లకే మినహాయింపు దొరికింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగర పాలక మండలి 2009లో వీధి బోర్డుల మీద గుర్తు పెట్టబోమని ప్రకటించింది. కేంబ్రిడ్జిలో అలాగే తీసేసి, జనం గొడవ చేశాక 2014లో మళ్లీ పెట్టుకున్నారు. ఈ గుర్తును కాపాడటానికి ఇంగ్లండులో జాన్ రిచర్డ్స్ అనే విశ్రాంత పాత్రికేయుడు 2001లో ఏకంగా ఒక సంఘమే పెట్టాడు. 2019లో చేతులెత్తేసి మూసేశాడు. అజ్ఞానం, బద్ధకం గెలిచాయని చెప్పి మరీ.

తెలుగువాళ్లకు దీనికంటే దగ్గరి ఉదాహరణ అరసున్న. అదీ ఒక పోయిన ధ్వనికి గుర్తే, పూర్వం అక్కడ ఉన్న అనునాసికం జారిపోయిందని చెప్పేది. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే 7. వాఁడు అంటే ఆ మనిషి, వాడు అంటే వాడిపోవడం. వ్యావహారికంలో రాయడం స్థిరపడ్డాక అరసున్న పోయింది. “ఏడు గడిచింది” అని చదివి 7 గంటలు గడిచాయని అనుకునేవాడు లేడు. సందర్భమే అర్థం చెప్పేస్తోంది. అపాస్ట్రఫీ మాత్రం ఎందుకు పోకూడదు?

పోవచ్చు. ఈ విషయంలో నేను సగం షా పక్షమే. అక్షరలోపం చెప్పే గుర్తు పోయినా చదువరికి పెద్ద నష్టం లేదు. అన్నదమ్ముల వాటా దగ్గర మాత్రం నష్టం ఉంది, అక్కడ సందర్భం ఆదుకోదు. ఇంకో సంగతి, అరసున్నను వదిలేసింది రాసేవాళ్లూ చదివేవాళ్లూ కలిసి. వీసా కోసమో సీటు కోసమో మీరు రాసిన కాగితాన్ని చదివే మనిషి అపాస్ట్రఫీని ఇంకా వదల్లేదు. ఆయన వదిలేదాకా మనం పెట్టాలి, అంతే.

తెలుగులోకి దూరిన గుర్తు

ఇంగ్లీషులో ఎగ్గొట్టిన గుర్తును మనవాళ్లు తెలుగులో అక్కర్లేని చోట పెడుతున్నారు. “హైదరాబాద్’లో”, “ఆఫీస్’కి”, “1990’లలో”. మొదటి రెంటికి కారణం అజ్ఞానం కాదు, కీబోర్డు. పొల్లు తరవాత హల్లు వస్తే కంప్యూటరు దాన్ని ఒత్తుగా మార్చేసి “హైదరాబాద్లో” అని చూపిస్తుంది. దాన్ని ఆపడానికి యూనికోడ్‌లో కంటికి కనపడని ఒక అక్షరం ఉంది, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లుకూ హల్లుకూ మధ్య అది పడితే “హైదరాబాద్‌లో” అని విడిగా నిలబడుతుంది. ఫోనులో ఆ మీట దొరకనివాళ్లు కొందరు గుర్తు పెడుతున్నారు, కొందరు ఖాళీ వదులుతున్నారు. ఖాళీ ఇంకా చెడ్డది. పంక్తి చివర “హైదరాబాద్” ఉండిపోయి “లో” కింది పంక్తిలోకి పడుతుంది.

మీట దొరకకపోతే దిగులు పడక్కర్లేదు, పాత పద్ధతి ఉండనే ఉంది. ఇంగ్లీషు మాటకు చివర ఉకారం చేర్చి తెలుగు చేసుకోండి: హైదరాబాదులో, ఆఫీసుకి, బస్సులో. చదవడానికి ఇదే హాయి. సంవత్సరాలకు “1990ల్లో” అంటే చాలు. పత్రిక పేరునో శీర్షికనో ఒంటి కొటేషన్లలో పెట్టినప్పుడు మాత్రం విభక్తి బయట ఉండాలి, ఆ మూత గుర్తుకు చోటు ఉంది.

మూత గుర్తు అన్నాను కాబట్టి ఒక ముక్క. వంపు తిరిగిన అపాస్ట్రఫీ, ఒంటి కొటేషన్ మూత గుర్తు యూనికోడ్‌లో ఒకటే, సంఖ్య 2019. కీబోర్డు మీదుండే నిలువు గీత వేరు, సంఖ్య 0027. శతాబ్దం ఎగ్గొట్టి ’98 అని రాయబోతే, ముందు ఖాళీ ఉంది కాబట్టి కొటేషన్ మొదలవుతోందనుకుని వర్డ్ దాన్ని తెరిచే గుర్తుగా తిప్పేస్తుంది. మందు చిన్నదే: గుర్తు రెండుసార్లు కొట్టి మొదటిది చెరిపేయండి. హైటెక్ సిటీ జనానికి ఇంకో రకం తలనొప్పి తెలిసే ఉంటుంది. వర్డ్ నుంచి డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ ప్రశ్నను ఎడిటర్‌లోకి అతికిస్తే వంపు గుర్తుల దగ్గర తప్పు చూపిస్తుంది, అక్కడ నిలువు గీతే కావాలి. ఓ’బ్రయన్ లాంటి పేరు వస్తే లోపలి గుర్తును రెండుసార్లు రాయాలి.

రాసే వేళ వేరు, దిద్దే వేళ వేరు

రోజూ రాస్తే చేయి తిరుగుతుందంటారు. నిజమే, కానీ ఎటు తిరుగుతుంది? దిద్దేవాళ్లు లేకుండా రోజూ రాస్తే “ఇట్’స్” తప్పే గట్టిపడుతుంది. పదేళ్లుగా రోజూ మెయిళ్లు రాస్తున్నా అదే తప్పు చేసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. కాబట్టి రాయడం ఒక్కటే మందు అనేవాళ్లతో నాకు పేచీ.

పోనీ రాస్తూనే దిద్దుకుందామంటే రాత ఆగిపోతుంది. మూడో పంక్తిలో ఎర్రగీత కనపడగానే వెనక్కి వెళ్తాం. దాన్ని సరిచేశాక రెండో వాక్యం నచ్చదు. అరగంట అయ్యేసరికి మూడు పంక్తులే ఉంటాయి, అవీ అలసిపోయి ఉంటాయి. అలవాటు మానేసినవాళ్లలో చాలామంది తీరిక లేదని చెబుతారు. నా అనుమానం మాత్రం ఈ అరగంటల మీదే.

19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున 5:30కి కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. ఆ సంగతి చాలామంది చెబుతారు. మూడు గంటల్లో మొదటి అరగంట ముందురోజు రాసినది చదువుకోవడానికే పోయేదన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అసలు కీలకం అక్కడుంది. ఈరోజు రాసినదాన్ని ఈరోజే చదివితే మనం అనుకున్నదే కనపడుతుంది. రాత్రి గడిచాక కాగితం మీద ఉన్నది కనపడుతుంది.

ఉద్యోగస్తుడికి సరిపడా కుదిస్తే: రాయడానికి 15 నిమిషాలు, నిన్నటిది దిద్దడానికి 10. మాటల లెక్క పెట్టుకోవద్దు. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఇంగ్లీషు 250 మాటల సరుకు తెలుగులో అంతకంటే తక్కువ మాటల్లో అయిపోతుంది, రెండు భాషల్లో రాసేవాళ్లకు లెక్క కుదరదు. నిమిషాలే నయం. కనీస హద్దు మాత్రం మీ పాడు రోజును బట్టి పెట్టుకోండి, ఐదు పంక్తులు చాలు. ఏం రాయాలో తోచకపోతే అపార్ట్‌మెంట్ సంఘానికి నీళ్ల ట్యాంకరు గురించి ఫిర్యాదు రాయండి. పంపక్కర్లేదు.

దిద్దే 10 నిమిషాల్లో మొదటినుంచీ చదవకండి. కంట్రోల్, ఎఫ్ నొక్కి అపాస్ట్రఫీ కోసం వెతకండి. (వర్డ్‌లో ఏ రకం కొట్టినా రెండూ దొరుకుతాయి, మామూలు టెక్స్ట్ ఎడిటర్లో వంపుదీ నిలువుదీ విడిగా వెతకాలి.) ఒక్కో గుర్తు దగ్గర ఆగి రెండే ప్రశ్నలు: అక్షరం పోయిందా? యజమాని ఉన్నాడా? రెంటికీ కాదనే జవాబైతే చెరిపేయండి. ఇక్కడితో ఆగితే సగం పనే. పెట్టాల్సిన చోట పెట్టని గుర్తు ఈ వెతుకులాటలో దొరకదు. అందుకని గుర్తు లేని “ఇట్స్”, “యువర్”, “వర్”, “లెట్స్”, “హూజ్” మాటలను కూడా ఒక్కొక్కటిగా వెతికి విప్పి చూడాలి. దొరికిన తప్పును నోటుపుస్తకంలో ఒక్క పంక్తిలో రాసుకోండి, తప్పు వాక్యం, పక్కన సరైనది. కొన్నాళ్లకు పేజీ వెనక్కి తిప్పితే అవే మూడు నాలుగు తప్పులు మళ్లీ మళ్లీ వస్తున్నాయని కనపడుతుంది. ఆ తరవాత ఆ మూడు నాలుగే వెతికితే సరిపోతుంది.

దిద్దుడు పెరిగితే రాతలో జీవం పోతుందని భయపడేవాళ్లున్నారు. ఆ భయం అర్థమవుతుంది. ఈ 10 నిమిషాల్లో వాక్యాన్ని అందంగా మార్చే పని పెట్టుకోకూడదు, గుర్తులే చూడాలి. శైలి గురించి ఆలోచించడం మొదలైతే గంట పోతుంది.

21 రోజుల మాట

ఏ అలవాటైనా 21 రోజుల్లో పడుతుందని కోచింగుల కరపత్రాల్లో రాస్తుంటారు. ఆ అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ చెప్పినది. రోగులు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందన్నాడాయన, అంతే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా. వాళ్లు చూసింది నీళ్లు తాగడం, పండు తినడం, వ్యాయామం లాంటివి. రాయడం వాటికంటే బరువైన పని, కాబట్టి 66 కూడా భరోసా కాదు. ఆ అధ్యయనంలో మనకు పనికొచ్చే ముక్క ఇంకోటి. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెదిరిపోలేదు. బోనాల జాతరకు వెళ్లి ఆదివారం రాయలేదని సోమవారం మానేయనక్కర్లేదు.

ఆ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లంతా తాము ఎంచుకున్న పనిని రోజూ జరిగే మరో పనికి ముడిపెట్టారు, టిఫిన్ అయ్యాక, భోజనంతో పాటు అన్నట్టు. తెల్లవారుజామున లేవండన్న సలహా అమెరికా వేళల్లో పనిచేసేవాళ్లకు అక్కరకు రాదు. వాళ్లకు గడియారం కంటే సంఘటన నయం. లాగాఫ్ అయిన వెంటనే, లాప్‌టాప్ మూయకముందే అని పెట్టుకుంటే ఏ షిఫ్టులో ఉన్నా చెల్లుతుంది.

మెట్రోలో రాసుకుంటానని పెట్టుకున్న లెక్కలు మాత్రం నిలవవు. మియాపూర్‌లో ఎక్కినవాళ్లకు సీటు దొరుకుతుందేమో, అమీర్‌పేటలో రైలు మారేవాళ్లకు ఒక చేయి పట్టీకే పోతుంది. ఒంటి బొటనవేలితో కొత్త వాక్యం పుట్టదు. నిన్నటి పేజీలో గుర్తులు వెతకడానికి మాత్రం ఆ బొటనవేలు చాలు. దిద్దే 10 నిమిషాలూ రైలుకు, రాసే 15 కుర్చీకి ఇచ్చేయండి.

కుర్చీలో కూర్చునే ముందు ఎర్రగీతలు ఆపేయండి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్తే టైప్ చేస్తుండగానే స్పెల్లింగ్, వ్యాకరణం చూసే పెట్టెలు రెండు ఉంటాయి, టిక్కులు తీసేస్తే సరి. దిద్దేటప్పుడు ఎఫ్7 నొక్కితే ఒకేసారి అన్నీ చూపిస్తుంది. ఫోనులో అయితే కీబోర్డు సెట్టింగ్స్‌లో ఆటో కరెక్షన్ ఆపాలి. ఆఫీసు మెయిల్ రాసేటప్పుడు మళ్లీ ఆన్ చేసుకోండి, ఆ “షెడ్” క్లయింటు దాకా పోకుండా.